తట్టలతో కదలిన కొండ

ధ్యానమునకు: మత్తయి 17:14-20, మార్కు 11:20-25, జెకర్యా 4:6-10

మన బండి ఆత్మకూరు ప్రాంతమున తెల్లవారుజామున వాకిట నిలిచి తూర్పు దిక్కు చూచువారికి కనబడునది నల్లమల. మన తాతల నాడు ఎక్కడ ఉండెనో నేడును అక్కడనే ఉన్నది. ఆవగింజంత విశ్వాసము గలవారు కొండతో చెప్పినయెడల అది కదలిపోవునని ప్రభువు సెలవిచ్చిన మాటను గుడిలో విన్న ఆదివారమున, ఇంటికి వచ్చి ఆ కొండలవైపు చూచి మనలో ఎందరు లోలోపల నిట్టూర్చిరో దేవునికే ఎరుక. కొండ మాట అటుండనిండు. ఇంటిలో త్రాగుడు కదలలేదు, పొలము మీది అప్పు కదలలేదు, పడకలోని రోగి లేవలేదు. అట్టి సమయమున ఎవరో ఒకరు వచ్చి, నీ విశ్వాసము చాలలేదు గనుకనే ఇట్లయినదని చెప్పిపోవుదురు. పుండు మీద కారము చల్లినట్లగును.

ఈ నెల ధ్యానములో మేము ఆ మాటనే ఎత్తుకొనుచున్నాము. అయితే వట్టి మాటలతో వివరించుటకంటె ఒక మనుష్యుని జీవితమును మీ ముందుంచుట మేలని తలంచితిమి. ఆయన మన నల్లమలకు అవతలి ప్రక్క, గిద్దలూరు, కంభము, మార్కాపురములు దాటి, సముద్రము దగ్గరనున్న ఒంగోలులో పనిచేసినవారు. పేరు జాన్ ఎవరెట్ క్లౌ. పాత తరమువారికి క్లౌ దొరగారు. ఆయన బాప్తిస్టు మిషనువారు. మన నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతపు సంఘములను నాటినవారు ఎస్.పి.జి. మిషనువారు. ఆచారములలో తేడా కలదు గాని, ప్రభువు ఒక్కడే, కొండను గూర్చిన వాగ్దానము ఒక్కటే.

ఒంటరి నక్షత్రము

క్లౌ గారి కథకు ముందు మరియొక కథ కలదు. అమెరికా బాప్తిస్టువారు పంపగా శామ్యూల్ డే గారు 1836లో తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడిరి. ఏండ్లు గడచినవి గాని, విశ్వసించినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. 1853లో ఆల్బనీ నగరమున కూడిన మిషను సభలో, ఈ పనిని ఇక మూసివేయుదమా అను ప్రశ్న పుట్టెను. మిషను పటములో బర్మా దేశమంతయు గురుతులతో నిండియుండగా తెలుగు దేశమున ఒక్క నక్షత్రపు గురుతే ఉండెను. దానికి ఒంటరి నక్షత్రమని పేరు వచ్చెను. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి ఆ నక్షత్రము మీద ఒక పద్యము వ్రాయగా, దానిని విన్న సభవారి హృదయములు కరగెను. పని మూయబడలేదు. 1862లో మరల అదే ప్రశ్న వచ్చెను. అప్పుడు నెల్లూరు మిషనెరీయైన లైమన్ జ్యూయెట్ గారు, తనను పంపినను పంపకున్నను తాను తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే బ్రదికి అక్కడనే చనిపోవుదునని తెగించి చెప్పిరి.

ఆయన అంత గట్టిగా నిలుచుటకు కారణము లేకపోలేదు. 1854 జనవరి 1న తెల్లవారుచుండగా ఆయనయు, దొరసానిగారును, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు ఊరినానుకొనియున్న కొండ ఎక్కి మోకరించిరి. క్రింద పరుచుకొనియున్న ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ అందురు.

చదువరులారా, ఇక్కడ ఒక నిమిషము నిలిచి చూడుడు. ఆ ఉదయమున వారు కొండ దిగి వచ్చినప్పుడు ఒంగోలులో ఏమియు మారలేదు. ఆ మరుసటి ఏడును మారలేదు. వారడిగిన సేవకుడు ఒంగోలులో అడుగు పెట్టుటకే 12 ఏండ్లు దాటెను. ఆ దినమున ఎవరైనను వారి విశ్వాసమును తూచియుండినయెడల, ఆవగింజకంటె తక్కువే తూగుననియుందురు.

కొలత గొలుసు పట్టిన కుర్రవాడు

డే గారు తెలుగు దేశమునకు వచ్చిన 1836వ సంవత్సరముననే, జూలై 16న, అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున ఫ్రూస్‌బర్గు దగ్గర క్లౌ గారు జన్మించిరి. సేద్యగాండ్ర కుటుంబము. బ్రదుకుతెరువు వెదకుకొనుచు వారు పడమటికి తరలి అయోవా ప్రాంతమున చేరిరి. పిల్లవాడు ఇంకను మీసము రాని ప్రాయముననే మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ భూమి కొలతవారితో కూడ పనికి వెళ్లెను. గొలుసు లాగుట, హద్దురాళ్లు గుర్తించుట, పల్లము మిట్ట చూచుట నేర్చుకొని, కొంతకాలమునకు తానే సర్వేయరు పని చేయసాగెను. అప్పటికి ఆయనకు దేవుని యందు చెప్పుకొనదగిన ఆసక్తి లేదు. పిదప బర్లింగ్టను పట్టణమున చదువుకొనుచుండగా మనస్సు మారి 1858లో మిస్సిసిపీ నదిలో బాప్తిస్మము పొందెను.

చదువు ముగించి, క్రైస్తవ పుస్తకములు అమ్ముచు గ్రామములు తిరుగుచుండిన ఆ యువకుడు తెలుగు దేశమునకు వెళ్లుటకు ఒప్పుకొనెను. 1864 నవంబరు 30న భార్య హారియెట్ గారితోను, జ్యూయెట్ గారితోను బోస్టనులో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరిరి. 1866 సెప్టెంబరు 17న క్లౌ దంపతులు ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1న ఎనమండుగురు సభ్యులతో అక్కడ సంఘము ఏర్పడెను. ప్రార్థన కొండమీద మోకరించి సరిగా 13 ఏండ్లు.

జెకర్యా ప్రవచనములో జెరుబ్బాబెలు ఎదుట నిలిచిన గొప్ప పర్వతము చదునైన భూమి యగునని వాగ్దానము కలదు. ఆ వాగ్దానమునకు కొంచెము క్రిందనే జెరుబ్బాబెలు చేతిలోని గుండునూలు ప్రస్తావన వచ్చును. మేము దీనిని ఎన్నిమారులు చదివినను ఆశ్చర్యపడుదుము. శక్తిచేతనైనను బలముచేతనైనను కాదు, ఆత్మచేతనే అని పలికిన దేవుడు, కూలిపని చేయువాని చేతిలోని కొలత దారమును త్రోసివేయలేదు. క్లౌ గారి చేతికి అలవాటైన కొలత గొలుసును కూడ దేవుడు మరచిపోలేదని ముందు చూతుము.

రెండు త్రోవలు

ఒంగోలులో మొదట క్లౌ గారి యొద్దకు వచ్చినవారు బ్రాహ్మణులు, ఊరి పెద్దలు. బోధ శ్రద్ధగా వినిరి, బడికి పిల్లలను పంపిరి. ఎవరికైనను ఆశ పుట్టునట్టి ఆరంభమది. ఇంతలో పడమటి పల్లెలనుండి యర్రగుంట్ల పేరయ్య గారు వచ్చిరి.

పేరయ్య గారు మాదిగ కులస్థులు. ఒంగోలుకు పడమట దాదాపు 40 మైళ్ల దూరముననున్న తాళ్లకొండపాడు వారి ఊరు. తోళ్ల వర్తకము. చదువు లేదు గాని దైవమును వెదకుటలో అలసట లేదు. గురువుల నాశ్రయించి రాజయోగము సాధన చేసిరి. తోళ్ల బేరమునకై ఉత్తరదిక్కుకు వెళ్లినప్పుడు అక్కడి క్రైస్తవుల మూలముగా సువార్త చెవినపడెను. వెదకినది దొరికినదని తెలిసికొని, భార్య నాగమ్మ గారితో కూడ 1866లో జ్యూయెట్ గారిచేత బాప్తిస్మము పొందిరి. అంతటితో ఊరకుండలేదు. చెప్పులు కుట్టుకొను అరుగులమీదను, చింతచెట్ల నీడలోను, తన బంధువులున్న పల్లెలన్నిటను తెలిసినది చెప్పుచు తిరిగిరి. క్లౌ గారు 1867 జనవరిలో తాళ్లకొండపాడు వెళ్లి చూచునప్పటికి పంట పండి కోతకు సిద్ధముగా ఉండెను. ఆ ఒక్క ప్రయాణములో 28 మంది బాప్తిస్మము పొందిరి.

అప్పుడు ఒంగోలు పెద్దల ముఖములు మారినవి. మాదిగలను చేర్చుకొనినయెడల తాము రామని తెలియజేసిరి. క్లౌ గారు కలతపడిరి. పెద్దలు చేరినయెడల ఊరంతయు చేరునని ఆయన లోపల ఆశించియుండిరి. ఏమి చేయుటకు తోచక ఒక గదిలో ఆయన బైబిలు విప్పగా, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమున, దేవుడు లోకములో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని ఏర్పరచుకొనెనని పౌలు వ్రాసిన భాగము కంటబడెను. వేరొక గదిలో దొరసానిగారికిని, భర్తతో సంప్రదింపకయే, అదే భాగము కనబడెను. ఇద్దరును కలిసికొని చెప్పుకొనినప్పుడు త్రోవ తేటపడెను. పెద్దలు వెళ్లిపోయిరి. బీదలు వచ్చిరి.

కొండ కదలవలెనని అడుగువారు, దేవుడు దానిని ఏ ప్రక్కకు కదల్చునో తామే నిర్ణయింపగోరుదురు. క్లౌ గారి మొదటి కొండ తన సొంత ఆశయే. అది ముందు కదలవలసి వచ్చెను.

ప్రతిదినపు సిలువ

చేరినవారికి క్లౌ గారు పెట్టిన నియమములు మూడు. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములకు మ్రొక్కరాదు. ఇవి నేడు మనకు చిన్నవిగా తోచవచ్చును. ఆ దినములలో ఒక్కొక్కటి ఒక్కొక్క కొండ. ఊరిలో పశువు చచ్చినయెడల దాని కళేబరము మాదిగలది. ఆకలి దినములలో అదియే ఆహారము. అమ్మవారి జాతరలో డప్పు కొట్టుట వారి వంతు. ఆదివారము పనికి రానన్నయెడల ఆసామి ఊరకుండడు. కాబట్టి ఈ మూడు నియమములను పాటించినవారిని కొట్టిరి, పని మాన్పించిరి, తప్పుడు అభియోగములు మోపిరి.

ఆ పల్లెలలో అద్భుతములు చూపిన మహాత్ములు ఎవరును లేరు. డప్పు పట్టుకొమ్మని పిలువగా రానని చెప్పిన ఒక పామరుడు, ఆకలిగొనియు కళేబరమును ముట్టని ఒక తల్లి, వీరే ఉండిరి. కదలనట్టి ఆచారమును వారు ఒకరొకరుగా, ఒక్కొక్క వారముగా కదలించిరి. సామాన్య విశ్వాసి చేతిలో కొండ ఎట్లు కదలునో తెలిసికొనగోరువారు ముందుగా వారిని చూడవలెను.

ధాత కరువు

1876లో వానలు తప్పినవి. అది ధాత నామ సంవత్సరము. మన రాయలసీమలో ధాత కరువు అను మాట పెద్దల నోట విననివారుండరు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములును తప్పించుకొనలేదు. పశువులు చచ్చెను, గింజలు లేవు, కరువు వెంట కలరా వచ్చెను. దక్షిణ దేశమంతట లక్షలాది జనులు మరణించిరి.

ప్రభుత్వమువారు కరువు పనులు పెట్టిరి. వాటిలో ఒకటి బకింగ్‌హామ్ కాలువ. కృష్ణా కాలువలకును మద్రాసునకును సముద్రపు ఒడ్డు వెంబడి పడవల మార్గము కలుపుటకు దానిని త్రవ్వించిరి. ఆనాటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టిరి. పనులున్నను బీదలకు మేలు జరుగుట కష్టముగా నుండెను. మేస్త్రీలు తిట్టుదురు, కొట్టుదురు, కూలి సరిగా చేతికందదు. ఇది చూచి క్లౌ గారు తమ పాత విద్యను జ్ఞాపకము చేసికొనిరి. ఇంజనీరు యొద్దకు వెళ్లి కాలువలో 3½ మైళ్ల భాగమును తామే గుత్తకు తీసికొనిరి. మిన్నెసోటా అడవులలో గొలుసు లాగిన చేతికి కొలతలు, పల్లములు, గట్టుల లెక్క క్రొత్త కాదు. తాటాకుల పాకలు వేయించిరి. బోధకులను మేస్త్రీలుగా పెట్టిరి. త్రవ్విన మట్టికి తగిన కూలి చేతికిచ్చిరి.

మన ప్రాంతమున కె.సి. కాలువ గట్టు మీద నడచునప్పుడు ఈ సంగతి బాగుగా అర్థమగును. 1860లలో మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వించిన ఆ కాలువలో నీరు నేటికిని సుంకేసులనుండి వచ్చుచున్నది. ఆ గట్టున పోసిన మన్నంతయు ఒకప్పుడు మనుష్యుల తలలమీదికి ఎత్తబడి మోయబడినదే. గునపముతో పెల్లగించి, పారతో తట్టకెత్తి, ఒకరు ఎత్తగా ఒకరు మోసి, గట్టుమీద కుమ్మరించి, వట్టి తట్టతో దిగివచ్చి మరల ఎత్తుకొందురు. ఒక తట్టను చూచి కొండ కదలినదని ఎవడును అనడు. సాయంకాలమున మేస్త్రీ కొలిచినప్పుడు తెలియును.

మధ్యాహ్నము పని నిలిచినప్పుడు బోధకులు ఆ మట్టిగుట్టలమీద కూర్చుండి కూలివారితో మాటలాడుదురు. ఎక్కువగా చెప్పిన మాట, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు తన యొద్దకు పిలిచి విశ్రాంతి ఇత్తునన్న మాట. ఆ మాట విననివారెవరు? తలమీద తట్ట దింపి అప్పుడే కూర్చుండినవారికి భారమన నేమో వివరింపనక్కరలేదు. జనులు వచ్చుచు పోవుచుండిరి. ఎన్నో పల్లెలవారు ఆ మాటను మూటగట్టుకొని ఇండ్లకు చేరిరి.

పదిహేను నెలల మౌనము

ఇక్కడ మనకు మిక్కిలి పనికివచ్చు పాఠము కలదు. వేలాదిమంది బాప్తిస్మమునకై అడుగసాగిరి. మిషనెరీ కోరుకొనునది మరేమి? అయినను క్లౌ గారు ఒప్పుకొనలేదు. కూడు పెట్టుచున్న చేయి బాప్తిస్మమిచ్చినయెడల, వచ్చువాడు కూటికై వచ్చుచున్నాడో క్రీస్తుకై వచ్చుచున్నాడో తనకును తెలియదు, వానికిని తెలియదని ఆయన భయపడిరి. సుమారు 15 నెలలు ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. కొండ తనంతట తానే దొర్లుచు వచ్చుచున్నట్లుండగా చేయి అడ్డము పెట్టి ఆపినట్టి పని అది. విశ్వాసమనగా పట్టుకొనుట అని మాత్రమే తలంచుదుము. ఆపుకొనుటయు విశ్వాసమే.

1878 నడుమ కరువు తీరినది. సహాయ ధనమును పంచుట ముగిసినది. ఇక ఇచ్చుటకేమియు లేదని, సహాయము కోరువారెవరును రావలదని క్లౌ గారు బోధకుల ద్వారా కబురు పంపిరి. ఒంగోలులో మశూచి ఉన్నందున, ఊరికి ఉత్తరముగా సుమారు పది మైళ్ల దూరమున గుండ్లకమ్మ ఒడ్డుననున్న వెల్లంపల్లిలో కూటము ఏర్పరచిరి. అయినను జనులు గుంపులు గుంపులుగా వచ్చిరి. ఆయన మరల వారిని వెనుకకు పంపజూచిరి. అందుకు వారు, తాము ధనమడుగుట లేదని, కాలువ త్రవ్వినప్పుడు అరచేతులలో లేచిన బొబ్బలు కాయలు కాచినవని, ఇకమీదను కష్టపడియే బ్రదుకుదుమని, చనిపోయినను క్రైస్తవులుగా చనిపోవుదుమని చెప్పిరి. ఆ కాయలు కాచిన చేతుల ఎదుట ఆయన నోరు మూతపడెను.

జూన్ నడుమ బాప్తిస్మములు మొదలాయెను. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన నీటిలో దిగి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు వంతులవారీగా నిలిచి, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, సుమారు తొమ్మిది గంటలు పనిచేసిరి. సంవత్సరాంతమునకు ఆ ఏట చేరినవారి లెక్క 9,606. ఒంటరి నక్షత్రమని జాలిపడిన పటములో ఆ స్థలము ప్రపంచమంతట పేరు పొందెను.

కరువు క్రైస్తవులని హేళన చేసినవారు అప్పుడునుండిరి, ఇప్పుడునున్నారు. అంతమందిలో ఒక్కరికిని వేరు ఉద్దేశము లేదని మేము ప్రమాణము చేయజాలము. హృదయములను ఎరిగినవాడు దేవుడే. అయితే ఇచ్చుటకు చేతిలో డబ్బున్న దినములలో తలుపు మూసి, చేయి వట్టిదైన దినమున తలుపు తెరచిన మనుష్యుని నిజాయితీని మాత్రము ఎవరును కాదనలేరు.

కదలని కొండలు

ఇంతటితో ముగించినయెడల కథ తియ్యగానుండును గాని సత్యము సగమే చెప్పినవారమగుదుము. నదిలోనుండి లేచి వచ్చిన వేలాదిమందికి బోధించుటకు చాలినంత మంది ఉపదేశకులు లేరు. చదువు రానివారికి బడులు కావలెను, పల్లె పల్లెకు కాపరి కావలెను. 1882లో మన నల్లమల చెంతనున్న కంభములోను, పిదప వినుకొండ, నరసరావుపేట, బాపట్లలోను క్రొత్త మిషను కేంద్రములు వెలసినవి. అయినను చాలక క్లౌ గారు 1890 తరువాత అమెరికాలో ఊరూర తిరిగి 25 మంది మిషనెరీలకొరకును 50,000 డాలర్లకొరకును బ్రతిమాలిరి. కొండ కదలుట ఒక దినపు సంగతి. కదలిన చోట నేల చదును చేసి విత్తుట తరతరముల పని.

1893లో ఆయన భార్య హారియెట్ గారు మరణించిరి. పిదప సహ మిషనెరీయైన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టరు పట్టణమున క్లౌ గారు కన్నుమూసిరి. ఆయన జీవిత వృత్తాంతమును ఎమ్మా గారు 1914లో గ్రంథముగా వెలువరించిరి. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రియు విద్యాలయమును వెలసినవి.

కాని ఒక కొండ మిగిలినది. ఆనాడు ఒంగోలు పెద్దలను మాదిగల సరసన కూర్చుండనీయక తిరిగి పంపిన ఆ కులపు కొండ. అది సంఘము వెలుపలనే నిలిచిపోయెనని మనము చెప్పగలమా? మన గుడులలో ఏ కుటుంబమువారు ఏ ప్రక్క కూర్చుందురో, పెండ్లి మాట వచ్చినప్పుడు మనము మొదట అడుగు ప్రశ్న ఏదో, సంఘపు పెద్దల ఎన్నికలో మన లెక్కలు ఎట్లుండునో మనకు తెలియును. దీనిని ఇతరుల మీద నెట్టకుడి. ఇది వ్రాయుచున్న మేమును ఆ లెక్కలకు దూరముగా లేము.

మన చేతిలోని తట్ట

కొండను గూర్చి ప్రభువు పలికిన సందర్భములను మరల చదువుడి. మత్తయి సువార్తలో, రోగియైన కుమారుని తెచ్చిన తండ్రి ఎదుట శిష్యులు ఓడిపోయి సిగ్గుపడియుండిరి. ఆ ఓడిపోయినవారికే ఆవగింజ మాట చెప్పబడెను. విశ్వాసము పెద్దదా చిన్నదా అని తూచుకొనుమని కాదు, అది బ్రదికియున్నదా అని చూచుకొనుమని. బ్రదికియున్న గింజ మంటిలో పడి, కొంతకాలము కనబడక, పిదప మొలచును. కాబట్టి రోగి లేవనంత మాత్రమున నీ విశ్వాసము చచ్చినదని ఎవరైనను చెప్పినయెడల నమ్మకుడి. పౌలు మూడుమారులు వేడుకొనినను ఆయన ముల్లు తీయబడలేదు, అయినను ఆయనను అవిశ్వాసి అనిన వారెవరు? ప్రార్థన కొండమీద మోకరించినవారి మనవికి 12 ఏండ్లు జవాబు కనబడలేదు, అయినను ఆకాశమున అది మరువబడలేదు.

మార్కు సువార్తలో కొండ మాట వెంటనే మరియొక మాట వచ్చును. ప్రార్థించుటకు నిలిచినప్పుడు ఎవరిమీదనైనను విరోధమున్నయెడల క్షమింపుమని. ఎంతమంది ఆ మాట వరకు చదువుదురు? దూరముననున్న కొండను త్రోయుటకు లేచినవాని కాలి క్రిందనున్న రాతిని ప్రభువు చూపించెను. అన్నదమ్ముల మధ్య గట్టు తగవు, అత్తాకోడండ్ర మౌనము, సంఘములో పాత పగ, ఇవి కదలక ముందు ఏ కొండను కదలుమందుము?

కాబట్టి ప్రియులారా, ఈ నెల మనలో ప్రతివారును తన కొండ పేరు దేవుని ఎదుట చెప్పుకొనుదము. పిదప, దానిలో తన వంతుకు వచ్చిన తట్ట ఏదో అడుగుదము. అప్పులో ఉన్నవాడు ఈ వారము మానుకొనగల ఖర్చు ఒకటి ఉండును. త్రాగుబోతు భర్తకొరకు ప్రార్థించు సహోదరికి, ఆమె ఇంటికి వెళ్లి ఆమెతో కూర్చుండగల పొరుగింటి విశ్వాసి ఒకరు కావలెను, ఆ ఒకరు మనమే కావచ్చును. చదువు మానిన పిల్లవానిని బడికి తీసికొనిపోవుటకు ఒక ఉదయము చాలును. పగ పట్టిన ఇంటి గడప ఎక్కుటకు పది అడుగులు చాలును. క్లౌ గారు కాలువ అంతయు తీసికొనలేదు. 3½ మైళ్లు తీసికొని, దానిని కొలత ప్రకారము ముగించిరి. అటునుండి ఒకరును ఇటునుండి ఒకరును త్రవ్వుకొని రాగా నీరు పారెను.

రేపు తెల్లవారుజామున వాకిట నిలిచినప్పుడు నల్లమల యథాప్రకారము కనబడును. దానిని చూచి నిట్టూర్చవద్దు. దానికి అవతల ఒకప్పుడు కాయలు కాచిన చేతులతో నదిలో దిగినవారి సంతతివారు నేడు ఆరాధించుచున్నారని జ్ఞాపకము చేసికొనుడి. కొండలను నిలిపినవాడును కదల్చువాడును ఒక్కడే. తట్ట ఎత్తుట మన పని, సాయంకాలమున కొలుచుట ఆయన పని.

ప్రార్థన: ప్రభువా, మా అల్పవిశ్వాసమును త్రోసివేయకుము. కదలని కొండల ఎదుట అలసినవారిని బలపరచుము. మాలో ఒకరినొకరిని దూరము చేయు కొండను ముందుగా కదల్చుము. నేటి దినమునకు మా వంతు భారమును మాకు చూపి, దానిని మోయుటకు కృప దయచేయుము. ఆమేన్.